గుంటూరికి వచ్చిన డాక్టరమ్మ

మా అమ్మమ్మగారి ఊరు పెద్దముడియం. కడప జిల్లాలో, జమ్మలమడుగుకు అవతల, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. ఈ పేరు చెప్పగానే ‘అదెక్కడ?’ అని అడిగేవాళ్ళే ఎక్కువ. అప్పుడు నేను కాస్త గర్వంగానే మా ఊరి కథ ఎత్తుకుంటాను.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో ఒక గాథ ఉన్నది. అయోధ్య నుంచి విజయాదిత్యుడనే రాజు దక్షిణాదికి దండెత్తి వచ్చి, త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చనిపోయాడట. అప్పటికి ఆయన రాణి వట్టి మనిషి కాదు. పురోహితుడూ, కొద్దిమంది మంత్రులూ వెంటరాగా ఆమె ముడివేము అనే అగ్రహారం చేరుకున్నది. అక్కడ విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నకూతురులా ఇంట్లో పెట్టుకుని కాపాడాడు. ఆమెకు పుట్టిన కొడుకే విష్ణువర్ధనుడు. ఆ ముడివేము మా పెద్దముడియమేనని చరిత్రకారులు చెబుతారు. ఇందులో నిజమెంతో, రాజులు తమ వంశానికి తొడిగిన నగలెన్నో, అది వేరే మాట. దిక్కులేని నిండు చూలాలికి చోటిచ్చిన ఊరని చెప్పుకోవడం మాకు బాగుంటుంది.

చిన్నప్పుడు ఒకసారి బడిలో విన్న ఈ కథను సంబరంగా ఇంట్లో చెబుతున్నాను. అమ్మమ్మ చాటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. ‘‘రాణికి పురుడు పోసినారు, సరే. మా అక్కకు పోయలేకపాయిరి గదే ఈ ఊర్లో!’’ అన్నది.

ఆ సంగతి అదే మొదటిసారి నేను వినడం. అది 1920 ప్రాంతపు మాట. అప్పటికి అమ్మమ్మకు పన్నెండేళ్ళు, వాళ్ళక్కకు పదహారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ భూమ్మీద పడలేదు. మంత్రసాని తన వల్ల కాదన్నది. జమ్మలమడుగులో మిషన్ ఆస్పత్రి అప్పటికే ఉన్నది. గూడుబండి కట్టారు, లోపల వరిగడ్డి పరిచి దుప్పటి వేశారు. అంతా అయ్యాక వసారాలో మగవాళ్ళు తర్జనభర్జన మొదలుపెట్టారు. అక్కడ డాక్టరు మగవాడైతే? పరాయి మగవాడు ఆడపిల్లను ముట్టుకుంటే అత్తవారు ఏమంటారు? నలుగురిలో తలెత్తుకునేదెట్లా?

ఆ మాటలతోనే రాత్రి గడిచిపోయింది. వేకువనే బండి కదిలింది. ముందురోజు వాన పడిందేమో, రేగడి చక్రాలకు ముద్దలుగా పట్టుకున్నది. సగం దారిలోనే బండి వెనక్కి తిరిగింది. తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ చక్రాలకు అంటిన మన్ను ఎండి, తనంతట తాను రాలిపోయిందాకా ఆ బండిని కడగడానికి ఎవరికీ చేతులు రాలేదట.

‘‘ఆ డాక్టరు మగోడో ఆడమనిషో కనుక్కోని వచ్చినోడు గూడా లేడు పాపా!’’ అన్నది అమ్మమ్మ. ఇన్నేళ్ళయినా ఆ మాట నా చెవిలోనుంచి పోలేదు.

ఈమధ్య బంధువుల ఇంట పెళ్ళికని గుంటూరు వెళ్ళాను. అక్కడ సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి గురించి మాట వచ్చింది. దానిని పెంచి పెద్దచేసిన డాక్టరమ్మ గుంటూరులో అడుగుపెట్టినది 1920 ఫిబ్రవరిలోనట. మా ఇంట బండి వెనక్కి తిరిగిన కాలమే! ఇక ఆమె సంగతి పూర్తిగా తెలుసుకునేదాకా నాకు ఊరట కలగలేదు.

ఆమె పేరు మేరీ గ్లౌరీ. ఐర్లండు నుంచి వలసపోయిన వంశంలో పిల్ల. ఐర్లండులో 1845 నుంచి కొన్నేళ్ళపాటు ఆలుగడ్డ పంటకు తెగులు పట్టి ఘోరమైన కరువు వచ్చింది. పదిలక్షలమంది దాకా చనిపోయారు. దాదాపు అంతమందీ ఓడలెక్కి దేశం విడిచారు. కరువంటే ఏమిటో మా సీమవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ శతాబ్దం పొడుగునా ఐరిష్ వాళ్ళు బ్రిటిషు వలసలకు పోతూనే ఉన్నారు. కూలీలూ, రైతులే కాదు, సర్జన్లు కూడా పోయారు. అలా ఆస్ట్రేలియాలో స్థిరపడినవారి ఇంట, విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగర్రా అనే ఊళ్ళో, 1887లో మేరీ పుట్టారు. తొమ్మిదిమంది సంతానంలో మూడో పిల్ల. పెరిగింది వాచెమ్ అనే పల్లెలో. అది వానలు తక్కువ, గోధుమలు పండే మెట్టప్రాంతం.

ఆడపిల్లలు డాక్టరీ చదవడమే అరుదైన రోజులలో ఆమె మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో చదివి 1910లో వైద్యంలోనూ, శస్త్రచికిత్సలోనూ పట్టం పుచ్చుకున్నారు. ఇంటర్నీ పనికోసం సముద్రం దాటి న్యూజీలండులోని క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రికి వెళ్ళారు. తిరిగివచ్చి మెల్‌బోర్న్ కంటి ఆస్పత్రిలో పనిచేశారు. పేరున్న డాక్టర్లు బోర్డులు కట్టుకునే కాలిన్స్ వీధిలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. ఇంక కావలసిందేమిటి?

1915లో ఒక చిన్న కరపత్రం ఆమె చేతికి వచ్చింది. అది ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాచి డాక్టరమ్మ గురించి. ఈమె మనదేశంలో స్త్రీల అవస్థ చూసి, రావల్పిండిలో వారికోసం ఆస్పత్రి పెట్టించిన మనిషి. మగ డాక్టరుకు చూపించుకోలేక ఇక్కడ తల్లులూ బిడ్డలూ చనిపోతున్నారని, ఆడ డాక్టర్లు రావాలని ఆమె ఊరూరా మొరపెట్టుకున్నది. ఆ కరపత్రం చదివిన మేరీ ఇండియా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. అయితే ఆవేశపడి మర్నాడే ఓడ ఎక్కలేదు. తాను కళ్ళ డాక్టరు. అక్కడ కావలసినది కాన్పుల డాక్టరు. నాలుగేళ్ళు ఆగి, కాన్పులూ స్త్రీల వ్యాధులూ కూడా చదివి, 1919లో ఎం.డి. పూర్తిచేశారు. 1920 జనవరిలో ఓడ ఎక్కారు. మళ్ళీ పుట్టిన దేశం చూడనేలేదు.

గుంటూరులో ఆడవాళ్ళకు వైద్యం అంతకు ముందు బొత్తిగా లేదనుకోకండి. అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అప్పటికే పెద్ద ఆస్పత్రి కట్టించి నడుపుతున్నారు. కానీ ఒకరిద్దరు డాక్టరమ్మలు ఎన్ని ఊళ్ళకు సరిపోతారు?

మేరీ వచ్చి చేరినది హాలండు దేశపు జె.ఎం.జె. సిస్టర్ల మఠంలో. ఇక్కడే నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటి ఉన్నది. ఆ రోజులలో కాథలిక్ సన్యాసినులు వైద్యవృత్తి చేయరాదని, అందులోనూ కాన్పులు అసలే చేయరాదని మతనియమం. ఇటు మన వసారాలలో ‘మగవాడు ముట్టుకోరాదు’ అని కట్టుబాటు. అటు వాళ్ళ మఠంలో ‘సన్యాసిని చేయరాదు’ అని కట్టుబాటు. ఈ రెండింటి మధ్యా నొప్పులు పడుతున్న పిల్లకు దిక్కెవరు? చివరికి పదిహేనో బెనెడిక్టు పోపుగారి దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్నాకనే ఆమె సన్యాసం పుచ్చుకుని కూడా డాక్టరుగా ఉండగలిగారు. ఆ నియమం అందరికీ సడలినది 1936లో. అంటే ఈమె పదహారేళ్ళు ముందుగా వచ్చారన్నమాట.

ఆపైన ఆమె బతుకంతా పనే. మఠం పక్కన ఉన్న చిన్న మందుల గది సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి అయింది. కంటి వైద్యంలో నిపుణురాలైన మనిషి కాన్పుల నుంచి కలరా దాకా అన్నీ చూడవలసి వచ్చింది. తెలుగు నేర్చుకున్నారు. ఎద్దుబండి మీద పల్లెలకు పోయారు. ఒక్క మనిషికి రెండే చేతులు గదా. అందుకే ఇక్కడి ఆడపిల్లలను చేరదీసి మందులు కలపడం, నర్సు పని, కాన్పులు చేయడం నేర్పారు. నా మట్టుకు ఆమె చేసిన పనులన్నిటిలో ఇదే పెద్దది. దేశం కాని దేశం నుంచి వచ్చిన డాక్టరు ఎప్పటికైనా వెళ్ళిపోవలసిందే. పని నేర్చిన మన పిల్ల మన ఊళ్ళోనే ఉంటుంది. పైగా వసారాలో కూచున్న తాతగారు ఆ పిల్లను చూచి ‘ఎవరో పరాయి’ అని అనలేడు!

1943లో ఆమె దేశంలోని కాథలిక్ ఆస్పత్రులన్నిటినీ ఒక సంఘంగా కూర్చారు. దాని ముఖ్య కార్యాలయం నేడు సికింద్రాబాదులో ఉన్నది. వైద్య కళాశాల ఒకటి పెట్టాలని కలలు కన్నారు. అది ఆమె చూడలేదు. కేన్సరు వచ్చి 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. ఆమె కలగన్న సెయింట్ జాన్స్ కళాశాల అదే బెంగుళూరులో 1963లో తెరిచారు.

ఇదంతా పాతకథ గదా, ఇప్పుడు కాన్పుకు ఆస్పత్రికి పోనివారెవరు అని మీరనవచ్చు. నిజమే. కానీ ఒంట్లో నలతను ‘చెప్పుకునేది కాదు’ అని ఏళ్ళతరబడి కొంగుచాటున దాచుకునే ఆడవాళ్ళు ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉన్నారు. రొమ్ములో గడ్డ తగిలితే కూతురికి చెప్పడానికి ఆరునెలలు జంకిన చదువుకున్న ఇల్లాలిని నేనెరుగుదును. వసారా మారింది గాని, తర్జనభర్జన ఇంకా పోలేదు. ఈ వారం మీ అమ్మనో అత్తగారినో పక్కన కూచోబెట్టుకుని, ‘ఒంట్లో ఎట్లా ఉంది?’ అని ఒక్కసారి తీరికగా అడిగి చూడండి.

మా అమ్మమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. 1950లో మా అమ్మ తొలికాన్పుకు పెద్దముడియం వచ్చింది. ఎనిమిదో నెల రాగానే అమ్మమ్మ మూట కట్టుకుని, కూతుర్ని తీసుకుని జమ్మలమడుగు వెళ్ళి, ఆస్పత్రికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకున్నది. తాతయ్య, ‘‘డాక్టరు మగవాడైతేనో?’’ అన్నాడట.

‘‘మగోడైతే ఏమి, దయ్యమైతే ఏమి? నాకు తల్లీ బిడ్డా బతకల్ల’’ అన్నదట అమ్మమ్మ.

ఆ బిడ్డను నేనే. ఆ తరువాత మా ఇంట ఎవరు నీళ్ళోసుకున్నారని తెలిసినా అమ్మమ్మ మొదట అడిగే మాట ఒక్కటే: ‘‘బండి సిద్ధంగా ఉండాదా?’’ ఊరికి బస్సులొచ్చి, ఇంటికి కారొచ్చినా, కడదాకా ఆమె బండి అనే అడిగేది.