పొలమారినవేళ చిట్కాలు వలదు

పొలమారగానే ‘ఎవరో తలచుకుంటున్నారు’ అని నెత్తిన తట్టడం మన ఇళ్లలో ఆచారం. గట్టిగా దగ్గుతున్నంతసేపు భయం లేదు. దగ్గే దేహం తనకు తాను చేసుకొనే చికిత్స. అయితే ఊపిరాడక, మాట పెగలక, పెదవులు నీలిబారుతున్న బిడ్డకు నీళ్లు పోయడం, అరటిపండో అన్నపుముద్దో మింగించడం ప్రాణాంతకం. గృహవైద్యం బోధించే మావంటి వారే ఈ మాట ముందుగా చెప్పాలి.

2022 నవంబరులో మన వరంగల్ నగరంలో చాక్లెట్ గొంతుకు అడ్డుపడి ఎనిమిదేళ్ల బాలుడు అసువులు బాశాడు. ప్రాణవాయువు అందక కొద్ది నిమిషాలు గడిస్తే చాలు, మెదడు దెబ్బతింటుంది. ఆసుపత్రి ఎంత దగ్గరైనా, మొదటి చికిత్స పక్కనున్నవారి చేతిలోనే ఉన్నది.

మెడలో ముందువైపు శ్వాసనాళం, దాని వెనుక అన్ననాళం ఉంటాయి. శ్వాసనాళం పెద్దలలో నాలుగైదు అంగుళాల గొట్టం; గుర్రపులాడం వంటి 16 నుండి 20 మృదులాస్థి వలయాలు దానిని తెరచి ఉంచుతాయి. మింగేటప్పుడు ఉపజిహ్విక మూతవలె వాలి దానిని కాపాడుతుంది. ముద్ద నోట ఉంచుకొని నవ్వినా, పరుగెత్తినా ఆ కాపుదల తప్పుతుంది. అరటిపండు చిట్కా అన్ననాళంలో గుచ్చుకొన్న చేపముల్లుకోసం పుట్టినది. అక్కడా నేను దానిని మెచ్చను. దారే వేరైనచోట అదేమి చేయగలదు?

సుశ్రుతుడు సూత్రస్థానం 27వ అధ్యాయంలో, కంఠాన ముద్ద అడ్డుపడినవానిని వానికి తెలియకుండా, సంకోచించక భుజంపై పిడికిట గుద్దమన్నాడు. నూనె, మద్యం, నీరు వీటిలో ఏదైనా తాగించమనీ అన్నాడు. ఈ రెండవ మాట మింగగలిగినవానికే వర్తిస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

బిడ్డను ముందుకు వంచి, రెండు రెక్కల నడుమ వీపుపై అరచేతితో 5 సార్లు గట్టిగా చరవాలి. ఫలించకుంటే వెనుకనుండి పట్టుకొని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి ఉంచి లోనికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఇది 1974లో అమెరికా వైద్యుడు హైమ్లిక్ ప్రకటించిన పద్ధతి. అడ్డు తొలగేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. ఏడాది నిండని శిశువుకు పొట్ట నొక్కరాదు. ముంజేతిపై బోర్లా, తల వాలుగా ఉంచి వీపుపై 5 సార్లు చరచి, వెల్లకిల తిప్పి రొమ్ము నడుమ 5 సార్లు నొక్కాలి. కంటికి కనబడని వస్తువుకై గొంతులో వేలుపెట్టి కెలకరాదు.

పల్లీగింజ మరొక విధంగా మోసగిస్తుంది. కుడి శ్వాసనాళిక వెడల్పుగా, నిటారుగా ఉండడంచేత గింజ తరచు అందులోకి జారుతుంది. దగ్గు ఆగుతుంది, తల్లి ఊరడిల్లుతుంది. కొన్నాళ్లకు పిల్లికూతలు, జ్వరం. అడ్డసరం, పిప్పలి, తేనె ఎన్నాళ్లు నాకించినా గింజ కరగదు; బ్రాంకోస్కోపితో తీయించవలసిందే. బిడ్డకు తగ్గని దగ్గు ఉంటే, అది మొదలైననాడు నోట ఏమున్నదో వైద్యుడు అడగకున్నా మీరే చెప్పండి. నాలుగైదేళ్లు నిండేవరకు పల్లీలను గింజలుగా ఇవ్వక, మెత్తగా పొడిచేసి అన్నంలో కలిపి పెట్టండి.