లీగు మారితే వ్యాపారం, ఆటగాడు మారితే నేరమా?

ఐపీఎల్ సీజన్ వచ్చిందంటే కువైట్‌లో మనవాళ్లకు సాయంత్రం అయిదు గంటలకు చిక్కు మొదలవుతుంది. ఇండియాలో రాత్రి ఏడున్నరకు మ్యాచ్ మొదలైతే ఇక్కడ గడియారంలో సరిగ్గా అయిదు. సైటు నుంచి కంపెనీ బస్సు ఇంకా రూముకు చేరి ఉండదు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు వంటగదిలో రెండో విడత పని అప్పుడే మొదలవుతుంది. డ్రైవర్ పని చేసే తమ్ముడు మేడమ్ కోసం మాల్ బయట బండి ఆపుకుని ఫోన్‌లో స్కోరు చూసుకుంటాడు. ఈ వేళ ఎవరు పెట్టారు అంటే, టీవీ పెట్టింది. ఇండియాలో జనం అన్నం పళ్లెం ముందేసుకుని టీవీకి ఎదురుగా కూర్చునే సమయం అది. ప్రకటనలకు ఎక్కువ రేటు పలికేదీ అప్పుడే.

టీవీ సొమ్ము మ్యాచ్ వేళలనే కాదు, ఏ జట్టు ఎవరి పంచన ఉండాలో కూడా నిర్ణయిస్తోంది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలను అడిగితే అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ సంగతి చెబుతారు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. పడమటి తీరపు యూనివర్సిటీలు వందేళ్లకు పైగా ఒక కూటమిగా ఆడుకున్నాయి, దాని పేరు పాక్-12. టీవీ ఒప్పందాల్లో తమ వాటా చిన్నదైపోతోందని 2024 నాటికి పన్నెండింట్లో పది దాటుకున్నాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫోర్డ్ వెళ్లి అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరింది! బిగ్ టెన్ అనే కూటమిలో ఇప్పుడు పద్దెనిమిది జట్లున్నాయి. లెక్కలు రాక కాదు, డబ్బు అలా లెక్కబెట్టింది.

మనకు ఇదేమీ కొత్త కాదు. 2006లో భారత క్రికెట్ ప్రసార హక్కులు నింబస్ సంస్థకు పోయాయి. హక్కులు దక్కని జీ గ్రూపు అధినేత సుభాష్ చంద్ర, ఆట చూపించనివ్వకపోతే ఆటనే తయారుచేసుకుంటానని 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్, అంటే ఐసీఎల్ పెట్టారు. కపిల్‌దేవ్‌ను ముందు నిలబెట్టారు. హైదరాబాద్ హీరోస్ అని మనకూ ఒక జట్టు వచ్చింది. 2004లో అండర్-19 ప్రపంచ కప్‌కు భారత జట్టు కెప్టెన్‌గా వెళ్లిన మన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు అందులో చేరాడు. అప్పటికి ఇంకా ఇరవై రెండేళ్లు నిండలేదు.

బీసీసీఐకి కోపం వచ్చింది. తన దుకాణం ఎదురుగా ఇంకో దుకాణం తెరిస్తే ఏ షావుకారుకైనా వస్తుంది, దాన్ని మేం తప్పు పట్టం. కానీ ఆ కోపం పడింది ఎవరి మీద? ఐసీఎల్‌లో చేరినవాళ్లకు రంజీ లేదు, దేశం జట్టు లేదు. రిటైరైన పాతవాళ్లు చేరితే వాళ్లకు బోర్డు ఇచ్చే పింఛనూ ఆగింది. అటు చూస్తే అదే బోర్డు 2008లో అచ్చం అలాంటి లీగే ఐపీఎల్ పేరుతో పెట్టి పదేళ్ల ప్రసార హక్కులను వంద కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుంది. టీవీ కోసం పొట్టి క్రికెట్ పెట్టడం జీ చేస్తే తిరుగుబాటు, బోర్డు చేస్తే విప్లవం. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరిగాయి.

ఈ కథ కువైట్‌లో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. యజమానికి చెప్పకుండా ఇంకోచోట పనికి పోయినవాణ్ణి ఇక్కడ ఏమంటారో మనకు తెలుసు. కల్లివెల్లి. వాడు దొంగతనం చేయలేదు, దొమ్మీ చేయలేదు. నెలకు ఇరవై దీనార్లు ఎక్కువిస్తామంటే పోయాడు, లేదా పాతచోట జీతం రాక పోయాడు. కేసు పడుతుంది, ఆకామా పోతుంది. ఆ తర్వాత ఆమ్నెస్టీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు. రాయుడు, ఇంకా డెబ్బై మందికి పైగా ఆటగాళ్లు కూడా ఆమ్నెస్టీ కోసమే చూశారు. ఐసీఎల్ చతికిలబడి, జీతాల బకాయిలు పేరుకుపోయాక 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించింది. మే 31లోగా ఆ లీగ్‌తో తెగతెంపులు చేసుకోవాలి, అంతర్జాతీయ క్రికెట్‌కు మరో ఏడాది ఆగాలి. తెంచుకున్నారు, ఆగారు. రాయుడికి భారత టోపీ దక్కింది 2013లో, ఇరవై ఏడేళ్లు నిండాక.

ఇక జట్టు యజమానులు మారితే ఏమవుతుందో కూడా హైదరాబాదే చూపించింది. 2008లో డెక్కన్ క్రానికల్ సంస్థ పది కోట్ల డాలర్లకు పైగా పెట్టి డెక్కన్ చార్జర్స్‌ను కొంది. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 2012 సెప్టెంబర్‌లో బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. అక్టోబర్‌లో చెన్నైకి చెందిన సన్ టీవీ ఏడాదికి రూ.85.05 కోట్ల లెక్కన హైదరాబాద్ జట్టును పాడుకుంది. చార్జర్స్ ఆటగాళ్లలో చాలామందిని కొత్త యజమాని ఉంచుకున్నాడు. కాంట్రాక్టు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోతే, మనవాళ్లు అదే క్యాంపులో, అదే మంచం మీద, యూనిఫారం మాత్రం మార్చుకుని పడుకోవడం లేదూ? అలాగన్నమాట. పాత యజమాని, బోర్డు కోట్ల రూపాయల కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడుకున్నారు.

డబ్బు సంగతికొద్దాం. 2008లో మొదట రాసుకున్న ప్రసార ఒప్పందం అప్పటి మారకం రేటుతో ఏడాదికి సుమారు 400 కోట్ల రూపాయలు. 2022లో జరిగిన వేలంలో 2023-27 హక్కులకు పలికింది రూ.48,390 కోట్లు, అంటే ఏడాదికి 9,678 కోట్లు. ఇరవై నాలుగు రెట్లు! ఆటగాళ్లను కొనడానికి ఒక్కో జట్టుకు ఇచ్చిన పరిమితి 2008లో 50 లక్షల డాలర్లు, అంటే 20 కోట్ల రూపాయలు. 2025కి అది 120 కోట్లు. జట్లు ఎనిమిది నుంచి పదికి పెరిగాయి కనుక మొత్తం మీద ఏడున్నర రెట్లు. మ్యాచ్ ఫీజులు వేరే ఉన్నాయిలెండి, అవి కలిపినా ఇరవై నాలుగుకు ఆమడ దూరం. సొమ్మొకడిది సోకొకడిది.

ఈ అంతరం ఎందుకు పూడదంటే, ఆటగాడికి వేరే గడప లేదు. భారత పురుష క్రికెటర్ ఎవరైనా విదేశీ లీగ్‌లో ఆడాలంటే ముందు ఇక్కడి ఆటకు దండం పెట్టేయాలి. ఐపీఎల్‌లో ఎవరూ కొనని రంజీ కుర్రాడికీ అదే రూలు. మన పక్కనే ఎమిరేట్స్‌లో 2023లో ఐఎల్‌టీ20 మొదలైంది. జట్లు ఎవరివి? రిలయన్స్, షారుఖ్ ఖాన్ బృందం, మన రాజాంలో పుట్టిన జీఎంఆర్. టీవీలో చూపించింది, తమాషా ఏమిటంటే, జీ! బోర్డు ఒకప్పుడు వెలివేసిన ఇల్లు. యజమానులు సరిహద్దులు దాటి జట్లు పెట్టుకోవచ్చు. రాయుడు మాత్రం 2023లో రిటైరయ్యాకే 2024లో అక్కడ ఆడగలిగాడు. మధ్యలో రాజకీయాల్లో చేరి పది రోజులు తిరక్కుండానే బయటికొచ్చాడనుకోండి, అది వేరే కథ.

అమెరికా కాలేజీ ఆటలోనూ మునుపు యూనివర్సిటీ మారిన పిల్లవాడు ఏడాదిపాటు కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారి మారొచ్చన్నారు, 2024లో చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. కూటములే అటూ ఇటూ దూకుతుంటే పిల్లవాణ్ణి మాత్రం కట్టేయడం ఇక చెల్లలేదు. బీసీసీఐ కనీసం ఐపీఎల్ కాంట్రాక్టు లేనివాళ్లకైనా ఎన్ఓసీ ఇవ్వాలని మేం అంటాం. బోర్డు ఖజానాకు దానివల్ల చిల్లు పడదు.

కువైట్ విషయంలోనూ మా మాట ఇదే. ప్రైవేటు కంపెనీలో మూడేళ్లు చేసినవాడు నోటీసు ఇచ్చి, యజమాని అనుమతి లేకుండానే మారవచ్చని 2016లో ఉత్తర్వు వచ్చింది. ఇళ్లలో పనిచేసే 20 నంబరు వీసావాళ్లకు ఆ దారి లేదు. 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు 18 నంబరుకు మారే వీలు కల్పించారు. అందుకు ఆ ఇంట్లో ఏడాది పనిచేసి ఉండాలి, యాభై దీనార్లు కట్టాలి, అన్నిటికీ మించి కఫీల్ ఒప్పుకోవాలి. మంచి కఫీల్ ఉన్నవాడు సంతకం తెచ్చుకున్నాడు. నిజంగా మారాల్సిన అవసరం ఉన్నవాడికి ఆ సంతకమే దొరకదు. కడప, రాజంపేట, కోనసీమ నుంచి ఇక్కడికొచ్చి ఇళ్లలో పనిచేస్తున్న ఆడవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ. కఫీల్ సంతకంతో పనిలేని దారి వాళ్లకూ ఉండాలని మన ఎంబసీ ఇక్కడి అధికారులను అడగాలి, ఆ మాట ఎంబసీ చెవిన వేయాల్సింది మన తెలుగు సంఘాలు.