బోర్డును దానంతట దాన్నే లేవనిద్దాం

డీబగ్గర్ తగిలించి ఉన్నంతసేపూ బోర్డు బంగారం. కేబుల్ పీకి కరెంటిస్తే సీరియల్ తెర మీద ఒక్క అక్షరం రాదు. ఈ దెబ్బ తినని వాళ్లు మాలో ఎవరూ లేరు. అందుకే ఈ ప్రణాళిక.

మెమరీని లేపే పని రెండు చోట్ల రాస్తున్నాం: బూట్‌లోడర్‌లో ఒకసారి, ఓపెన్ఓసీడీ స్క్రిప్టులో మరోసారి. 'రీసెట్ ఇనిట్' అనగానే క్లాకులు, డీడీఆర్ టైమింగులు అన్నీ ఆ స్క్రిప్టే జేట్యాగ్ దారిన రాసేస్తుంది. బూట్‌లోడర్‌లో మనం మరిచిన క్లాకు ఉంటే దాన్నీ కప్పేస్తుంది. గంటల తరబడి తప్పు వెతికింది స్క్రిప్టు లేపిన బోర్డులో. కొన్నవాళ్ల చేతికి ఆ స్క్రిప్టు వెళ్లదు. అందుకే మెమరీని లేపే పని బూట్‌లోడర్ ఒక్కదానిదే కావాలి.

బీగల్‌బోన్ బ్లాక్‌నే తీసుకోండి. 512 ఎంబీ డీడీఆర్3 ఉన్నా, కరెంటు తగిలిన క్షణాన అది లేనట్టే. చిప్‌లోని రోమ్ కోడ్ 109 కేబీకి మించని ఎస్‌పీఎల్‌ను, అంటే బూట్‌లోడర్ తొలి ముక్కను, లోపలి ఎస్‌రామ్‌లోకి తెచ్చుకుంటుంది. డీడీఆర్‌ను లేపేది ఆ ఎస్‌పీఎల్. ఆలోపే జీడీబీలో 'లోడ్' కొడితే ప్రోగ్రాము ఎక్కదు.

మా పద్ధతి ఇది. ప్రాసెసర్‌ను ఆపి, ఆ ఎస్‌పీఎల్‌నే జేట్యాగ్‌తో ఎస్‌రామ్‌లోకి ఎక్కిస్తాం. 'ఎస్‌డీరామ్_ఇనిట్' ఫంక్షన్ ముగిసేచోట బ్రేక్‌పాయింట్ పెట్టి నడిపిస్తాం. అక్కడ ఆగాక అసలు ప్రోగ్రామును డీడీఆర్‌లోకి ఎక్కిస్తాం. ఒక మెట్టు ఎక్కువే, ఒప్పుకుంటాం.

అలాగని స్క్రిప్టును ఊరవతలికి తరమం. ఈ చిప్‌లో రోమ్ కోడ్ వాచ్‌డాగ్‌ను నడిపించి వదిలేస్తుంది; పట్టించుకోకపోతే మూడు నిమిషాల్లో బోర్డు రీసెట్ అవుతుంది. (తప్పు మన కోడ్‌దే అనుకుని పూటంతా పోగొట్టుకున్నవాళ్లం ఉన్నాం.) వాచ్‌డాగ్ రిజిస్టర్లో నాలుగు 'ఏ'లు రాసి, ఆ రాత చేరేదాకా ఆగి, నాలుగు 5లు రాస్తే పడుకుంటుంది. ఆ రెండు రాతలకు స్క్రిప్టులో చోటుంది.

కొత్త బోర్డు మొదటిసారి బల్ల మీదికొచ్చి, ఎస్‌పీఎల్ ఇంకా తయారుకాని రోజుల్లో, టైమింగు విలువలు మార్చిమార్చి చూడ్డానికి జేట్యాగ్‌ను మించింది లేదు. సరైన విలువ దొరికిన రోజే అది సీ ఫైల్లోకి వెళ్లాలి, స్క్రిప్టులో చెరిగిపోవాలి. 'ఉండనీలే, ఎందుకైనా మంచిది' అన్న మాట మా దగ్గర చెల్లదు.

మాతో చేరడానికి రుసుం లేదు. మీ స్క్రిప్టులో డీడీఆర్ రిజిస్టర్లు రాసే వరసలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, తీసేసి, కేబుల్ లేకుండా ఒకసారి కరెంటివ్వండి. సీరియల్ తెర మీద వచ్చింది వచ్చినట్టు మాకు పంపండి. ఖాళీ తెరైనా సరే.