ఏదో ఒకటి చెయ్యండి, డాక్టరుగారూ!

తెలుగు నవలల్లో, సినిమాల్లో ఈ మాట వినబడగానే వైద్యుడు ఏదో ఒకటి చేస్తాడు. రోగి కళ్ళు తెరుస్తాడు. ఆ ‘ఏదో ఒకటి’ హాని కూడా చేయగలదన్న ఊహ మన రచయితలకు అరుదుగా తడుతుంది. 1972లో వెలువడిన ఆర్చీ కాక్రేన్ చిన్న పుస్తకం ‘ఎఫెక్టివ్‌నెస్ అండ్ ఎఫిషియెన్సీ’ దెబ్బ తీసేది ఈ నమ్మకాన్నే. చికిత్స మేలు చేస్తుందని నమ్మితే చాలదు, పోల్చి చూసి నిరూపించాలన్నది ఆయన వాదం.

ఇది పండితుల గొడవ అనుకునేవారు ఆక్లండ్ నేషనల్ వుమెన్స్ ఆసుపత్రి ఉదంతం తెలుసుకోవాలి. 1992-94 మధ్య అక్కడ 1500 గ్రాములకు లోపు బరువుతో పుట్టిన 454 మంది శిశువుల్లో 13 మందికి మెదడులో అరుదైన, తీవ్రమైన గాయం కనబడింది. ఆ పదముగ్గురూ 24-27 వారాలకే పుట్టినవారు. ఊపిరితిత్తుల్లో కఫం కదలడానికి ఛాతీ మీద తట్టే ఫిజియోథెరపీ వీరికి మొదటి నాలుగు వారాల్లో, మధ్యగతం లెక్కన, 79 సార్లు జరిగింది; పోల్చి చూసిన శిశువులకు 19 సార్లే. 1994 డిసెంబరు నుంచి అంత చిన్న పిల్లలకు తొలి నెలలో ఆ పద్ధతి మానేశారు. తర్వాత కొత్త కేసులు రాలేదని 1998లో వైద్యులే ప్రకటించారు. 1999లో ప్రభుత్వ విచారణ కూడా జరిగింది.

ఆ పిల్లలకు రక్తపోటు ఎక్కువ రోజులు పడిపోయి ఉంది, తట్టడమే కారణమని రుజువు కాలేదు అంటారు. నిజమే. ఆ వాదన నిందను తగ్గించదు, పెంచుతుంది. వాడుకకు ముందే పరీక్షించి ఉంటే ఈ సందేహానికి తావేది?

అత్యవసరంలో పరీక్షలకు వ్యవధి ఎక్కడిదని మరో ప్రశ్న. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి నలిగిపోతున్న శిశువుకు సూది గుచ్చవలసిందే. అది ఊపిరితిత్తినే చీల్చవచ్చు, రక్తనాళాన్ని తెంచవచ్చు. అయినా గుచ్చకపోతే ప్రాణం దక్కదు. రోజూ తట్టడం అలాంటిది కాదు, అది అలవాటు. అత్యవసరం ముసుగులో అలవాటును కాపాడుకోవడం వైద్యం కాదు.

చేయకపోవడమే మేలని దీని అర్థమూ కాదు. అదే ఆసుపత్రిలో లిగిన్స్, హోవీ 282 మంది తల్లులపై పరీక్షించి, కాన్పుకు ముందు ఇచ్చే స్టెరాయిడ్ శిశువుల ఊపిరిని నిలబెడుతుందని 1972లోనే చూపారు. లోకం దాన్ని నిండుగా అందుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది. నిరూపణ లేనిదాన్ని అంటిపెట్టుకున్న వైద్యలోకమే నిరూపణ ఉన్నదాన్ని పక్కన పెట్టింది.

హెండర్సన్‌లోని వైటాకెరే ఆసుపత్రిలో నెలలు నిండని బిడ్డ పక్కన నిలబడే తెలుగు తండ్రికి పాత మాటే నోటికి రావచ్చు. అతడు అడగవలసింది వేరు: “ఇది చేస్తే ఏమవుతుందో, చేయకపోతే ఏమవుతుందో ఎవరైనా లెక్కపెట్టారా, డాక్టరుగారూ?”