ఆ పది నిమిషాలలో అడగవలసినది ఏమిటి?

ఇంటర్మీడియట్ బైపీసీలో తొంభై శాతానికి పైగా మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయి, గత ఏడాది ఒక ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా నడిచే కళాశాలలో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు దరఖాస్తు చేసింది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. గుండె ఎట్లా పనిచేస్తుంది, మధుమేహం ముదిరితే కాలి మీద పుండు ఎందుకు మానదు, రోగి తన బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంటే ఎట్లా మాట్లాడించాలి మొదలైనవన్నీ ఆమె రాత్రింబగళ్లు చదువుకుని వెళ్లింది. గదిలో ముగ్గురున్నారు. వారు అడిగినవి నాలుగే ప్రశ్నలు. నాన్నగారు ఏం చేస్తారు? మీరు ఎంతమంది పిల్లలు? పెళ్లయిన తర్వాత మీవాళ్లు ఉద్యోగం చేయనిస్తారా? ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు ఇది తీసేస్తావా? చివరి ప్రశ్న అడిగినాయన తన వేలితో తల చుట్టూ గాలిలో ఒక వలయం గీసి చూపించారట. హిజాబ్ అన్న మాట ఆయన నోట రాలేదు.

పది నిమిషాలైనా కాకముందే ఆమె బయటికి వచ్చింది. వారం తర్వాత గోడకు అంటించిన జాబితాలో ఆమె పేరు లేదు. ఆమెకంటే తక్కువ మార్కులు వచ్చిన ఆమె సహాధ్యాయిని పేరు ఉంది. ఇంటర్వ్యూలో ఎవరికి ఎన్ని మార్కులు వేశారని తండ్రి వెళ్లి అడిగితే, అది కమిటీ నిర్ణయం, చెప్పడం కుదరదన్నారు.

ఆమెను ముస్లిం అయినందువల్లనే తిరస్కరించారని మేము అనడం లేదు. అలా అనడానికి మా దగ్గర రుజువు లేదు. రుజువు దొరకకుండా ఏర్పాటు చేసుకున్న ఆ పద్ధతి మీదనే మా ఫిర్యాదు. మూసిన తలుపు వెనుక, రాతలో లేని ప్రశ్నలతో, బయటపెట్టని మార్కులతో జరిగే పరీక్షలో అన్యాయం జరిగితే దానిని ఎవరూ నిరూపించలేరు, న్యాయం జరిగినా ఎవరూ నమ్మరు.

ఈ వృత్తిని గురించి మన కుటుంబాలలో ఇంకా చాలామందికి తెలియదు కనుక రెండు మాటలు చెప్పాలి. ఫిజీషియన్ అసిస్టెంట్ అంటే డాక్టరు పర్యవేక్షణలో రోగిని మొదట పలకరించి, వివరాలు రాబట్టి, పరీక్షించి, కేసుషీటు రాసి, శస్త్రచికిత్సలో చేయందించి, డిశ్చార్జి వరకు రోగి వెన్నంటి ఉండే వ్యక్తి. అమెరికాలో 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ చదువును ప్రారంభించినప్పుడు, మొదటి తరగతిలోకి తీసుకున్నది నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురిని. వారికి డాక్టరు పట్టాలు లేవు, చేతికి అనుభవం ఉంది. మన దేశంలో ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరుతో ఈ వృత్తిని గుర్తించింది. ఎంబీబీఎస్ సీటు అందక, కొనే స్తోమత లేక, అయినా వైద్యరంగాన్ని వదులుకోలేని మన ఆడపిల్లలకు ఇది నిజమైన దారి. అందుకే ఈ దారి మొదట్లో ఉన్న తలుపును గురించి ఇంత పట్టుబట్టి రాస్తున్నాము.

ఇంటర్వ్యూ అసలే వద్దని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. మార్కుల వరుస చూసి సీట్లు ఇచ్చేస్తే గొడవే ఉండదంటారు. మేము వారితో ఏకీభవించలేము. ఈ వృత్తిలో సగం పని మనిషితో మాట్లాడడమే. నూటికి తొంభై తెచ్చుకుని, ఏడుస్తున్న తల్లి ముందు నోరు పెగలని వారు ఇక్కడ పనికిరారు. ఆ నేర్పు ఉన్నదో లేదో రాతపరీక్ష చెప్పలేదు. ఇంకొక స్వార్థమూ మాకు ఉంది, దాచుకోము. న్యాయంగా జరిగే ఇంటర్వ్యూలో మన పిల్లలు నెగ్గుతారని మా నమ్మకం.

ఎందుకంటే వారి దగ్గర ఉన్నదేమిటో అడిగినవారే లేరు. పై అమ్మాయినే తీసుకోండి. పదేళ్ల వయసు నుంచి ఆమె తన దాదీని ఆసుపత్రికి తీసుకువెళుతున్నది. దాదీకి తెలుగు రాదు, డాక్టరుకు ఉర్దూ రాదు. మధ్యలో ఈ పిల్ల. ఒకసారి దాదీ గుండె మీద చేయి వేసుకుని ఘబ్రాహట్ అంటే, పక్కనున్న వారెవరో గాబరా పడుతున్నదని తెలుగులో చెప్పారు. డాక్టరు నిద్రమాత్ర రాయబోయాడు. ఈ మాటకు ఆ మాట చుట్టమే, కానీ రెండూ ఒకటి కావు. భయపడితే తెలుగువారు గాబరా అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఛాతీలో ఇబ్బందిగా ఉన్నా, గుండె దడదడలాడినా, ఊపిరి ఆడకపోయినా ఘబ్రాహట్ అనే అంటారు. దాదీ భయపడడం లేదు, గుండెల్లో ఏదో అవుతున్నదని చెబుతున్నదని ఆ పిల్ల పట్టుబట్టింది. అప్పుడు ఈసీజీ తీశారు. అది తీయవలసిన ఈసీజీయే. ఇంతకంటే మంచి ఫిజీషియన్ అసిస్టెంటు పాఠం ఏ పుస్తకంలో ఉంది? ఆ ముగ్గురిలో ఒక్కరు, నీవు ఎప్పుడైనా ఒక రోగికి తోడుగా ఉన్నావా అని అడిగి ఉంటే ఈ కథ బయటికి వచ్చేది. వారు నాన్నగారి పనిని గురించి అడిగారు.

ఈ ప్రశ్నలు కొత్తవి కావు. సుప్రీంకోర్టు 1980 నవంబరు 13న అజయ్ హాసియా కేసులో ఇచ్చిన తీర్పును మన కార్యకర్తలు ప్రతి ఒక్కరూ చదవాలి. శ్రీనగర్‌లోని రీజినల్ ఇంజినీరింగ్ కళాశాలలో రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలకు మించి పలకరించలేదని, తల్లిదండ్రులెవరు, ఉండేదెక్కడ అన్న ప్రశ్నలే అడిగారని విద్యార్థులు కోర్టుకెక్కారు. మొత్తం మార్కులలో మూడవ వంతును ఇంటర్వ్యూకు కేటాయించడం నిరంకుశమని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పదిహేను శాతానికి మించరాదన్నది. జరిగిన సంభాషణను టేపు మీద రికార్డు చేస్తే మేలని కూడా సూచించింది. ఆ రోజుల్లో టేపురికార్డరు కొనడం ఖర్చుతో కూడిన పని. ఇవాళ ఆ గదిలో కూర్చున్న ముగ్గురి జేబుల్లోనూ రికార్డు చేయగల ఫోన్లున్నాయి. నలభై ఏళ్లు దాటిపోయాయి, ఫోన్లు జేబుల్లోనే ఉన్నాయి.

ఆ కేసులో ప్రతివాదిగా ఉన్న పేరు ఖాలిద్ ముజీబ్ సెహ్రవర్ది. ఇది కావాలనే గుర్తుచేస్తున్నాము. తలుపు మూసుకుని మార్కులు వేసే అలవాటుకు మతం లేదు. ఆ తలుపు వెనుక ఎవరున్నా బయట ఉన్నవాడికి అన్యాయం జరిగే అవకాశం ఒక్కటే.

మాది ప్రైవేటు సంస్థ, మా ఇష్టం అని చెప్పే యాజమాన్యాలకు మరొక తీర్పు ఉంది. 2005లో ఇనాందార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు, ప్రభుత్వ సాయం తీసుకోని వృత్తివిద్యా కళాశాలలైనా ప్రవేశాలను న్యాయంగా, పారదర్శకంగా, దోపిడీ లేకుండా జరపవలసిందేనన్నారు. మైనారిటీ కళాశాలలకూ దీని నుంచి మినహాయింపు లేదు. ఈ వాక్యాన్ని మన సముదాయంలోని విద్యాసంస్థల పెద్దలు రెండుసార్లు చదువుకోవాలని మనవి. రాజ్యాంగంలోని 30వ అధికరణ మనకు సంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. ఇంటర్వ్యూ పేరుతో డొనేషన్ బేరం ఆడుకునే హక్కు ఇవ్వలేదు.

ఇక ఆపరేషన్ థియేటర్ మాట. ఈ ప్రశ్నను మేము తోసిపుచ్చడం లేదు. సరిగ్గా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. థియేటర్‌లో అడుగుపెట్టిన ప్రతి మనిషీ జుట్టు కప్పుకోవలసిందే. సర్జను టోపీ పెట్టుకుంటాడు, నర్సు టోపీ పెట్టుకుంటుంది, గడ్డం ఉన్నవారికి దానినీ కప్పే ముసుగు ఉంటుంది. తల కప్పుకోవడమే నియమమైన చోట, తల కప్పుకున్న అమ్మాయి ఎట్లా అడ్డమైంది? బయట వేసుకున్న గుడ్డతో లోపలికి రాకూడదన్నది నిజం. అది అందరి గుడ్డలకూ వర్తిస్తుంది. ఇంగ్లండులోని రాయల్ డెర్బీ ఆసుపత్రి 2019లోనే ఒకసారి వాడి పారవేసే శుభ్రమైన తలముసుగులను థియేటర్లలో అందుబాటులోకి తెచ్చింది.

చేతుల సంగతి వేరు. మోచేతుల వరకు కడుక్కోవలసిన చోట పొడుగు చేతులు ఉండడానికి వీలులేదు. రోగి ప్రాణంతో ముడిపడిన ఆ నియమం విషయంలో మేము ఎవరి తరఫునా మినహాయింపు కోరము. కడుక్కున్న తర్వాత వేసుకునే స్టెరైల్ గౌను ఎట్లాగూ మణికట్టు వరకు ఉంటుంది. 2023లో తిరువనంతపురం వైద్య కళాశాలకు చెందిన కొందరు విద్యార్థినులు పొడుగుచేతుల స్క్రబ్ జాకెట్లకు, తలను కప్పే సర్జికల్ హుడ్‌లకు అనుమతి కోరుతూ ప్రిన్సిపాలుకు ఉత్తరం రాసినప్పుడు దేశమంతా గగ్గోలెత్తింది. వైద్య నిపుణులు కూర్చుని జవాబివ్వవలసిన ప్రశ్న టీవీ చర్చల పాలైంది. నియమం ఏమిటో ముందే కాగితం మీద రాసి అందరికీ ఇస్తే, ఇంటర్వ్యూ గదిలో ఒక్క అమ్మాయి తల చుట్టూ వేలితో వలయం గీయవలసిన పని ఉండదు.

కర్ణాటక హిజాబ్ వ్యవహారంలో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చిన నాటి నుంచి మన ఇళ్లలో ఒక భయం కూర్చుంది. ఆ భయం నుంచి రెండు రకాల సలహాలు పుడుతున్నాయి. ఒక్కరోజుకే కదమ్మా, తీసేసి వెళ్లు, సీటు వచ్చాక చూసుకుందాం అని ఒక పెద్దమనిషి. అసలు ఆ చదువే ఎందుకు, టీచరు ట్రైనింగు చేసుకో అని మరొక పెద్దమనిషి. ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరూ మంచివాళ్లే. మొదటి ఆయన పిల్లకు అబద్ధంతో వృత్తిలో అడుగుపెట్టమని చెబుతున్నాడు. రెండవ ఆయన ఎదుటివారు మూయకముందే తలుపు మూస్తున్నాడు. హిజాబ్ వేసుకోవాలో వద్దో ఆ అమ్మాయి నిర్ణయం. వేసుకోని మన అమ్మాయిలూ ఉన్నారు, వారిని కూడా పేరు చూసి పెళ్లి ప్రశ్నే అడుగుతున్నారు.

ఆ పెళ్లి ప్రశ్న దగ్గర మేము తల వంచుకోవలసి వస్తున్నది. ఇంటర్వ్యూకు సిద్ధం చేయడానికి గత వేసవిలో మేము కొందరు అమ్మాయిలను ఒక ఇంట్లో కూర్చోబెట్టి నమూనా ప్రశ్నలు అడిగాము. పెళ్లయ్యాక మానేస్తావా అన్న ప్రశ్నకు ఏం చెప్పాలని ఒక అమ్మాయి అడిగింది. అబ్బాయిలను అడగని ప్రశ్న నన్నెందుకు అడుగుతున్నారని మర్యాదగా అడగమన్నాము. ఆమె నవ్వి, "అంకుల్, అక్కడ అడిగేవాళ్లకు అలాగే చెబుతాను. ఇంట్లో అబ్బా కూడా ఇదే అడుగుతున్నారు. ఆయనకు ఏం చెప్పాలి?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. కూతురి ఫీజు కట్టేముందు అల్లుడి అభ్యంతరాన్ని ఊహించుకునే తండ్రులు మనలో ఉన్నంతకాలం, ఎదుటివారి మీద మనం ఎత్తే వేలు వణుకుతూనే ఉంటుంది.

అయినా ఎత్తవలసిందే. మేము కోరుతున్నవి అసాధ్యమైనవి కావు. ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులో ప్రకటనలోనే చెప్పాలి, అవి పదిహేను శాతం దాటకూడదు. ప్రశ్నలు వృత్తికి సంబంధించినవై, అభ్యర్థులందరికీ ఒకే తీరుగా ఉండాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్యవిద్య ప్రవేశాలకు ఒక పద్ధతి రూపొందించింది. అభ్యర్థి చిన్న చిన్న గదుల వరుసలో ఒక్కొక్క సమస్యకు జవాబు చెబుతూ వెళతాడు, గది గదికీ పరీక్షకుడు వేరు. ఒక పరీక్షకుడికి దురభిప్రాయం ఉన్నా మిగిలినవారి మార్కులు దానిని సరిచేస్తాయి. పది గదులు కుదరకపోతే మూడు గదులు పెట్టండి. సంభాషణ రికార్డు కావాలి, మార్కులు జాబితాతో పాటే గోడ మీదికి రావాలి. ఎంపిక కమిటీలలో మైనారిటీల ప్రాతినిధ్యం ఉండాలన్నది 2006లో సచార్ కమిటీ చెప్పిన మాటే. కమిటీలో మనవాడు ఒకడు కూర్చుంటే అన్నీ చక్కబడతాయని మేము అనుకోము. కనీసం ఆ వేలు గాలిలోకి లేవడానికి ఒక క్షణం ఆలోచిస్తుంది.

ఇంటర్వ్యూ నుంచి బయటికి వచ్చిన ప్రతి అభ్యర్థీ అడిగిన ప్రశ్నలను, పట్టిన సమయాన్ని, గదిలో ఎందరున్నారన్న దానిని ఆ రోజే రాసి, తేదీ వేసి దాచుకోవాలి. ప్రభుత్వ కళాశాల అయితే సమాచార హక్కు చట్టం కింద మార్కుల వివరాలు అడగాలి. నెలల తర్వాత జ్ఞాపకం మీద చెప్పిన మాట ఏ అధికారి దగ్గరా నిలవదు.

ఆ అమ్మాయి ఈ ఏడాది మళ్లీ రెండు చోట్ల దరఖాస్తు చేసింది. ఒక చోటి నుంచి పిలుపు వచ్చింది. దాదీ ఘబ్రాహట్ సంగతి తప్పక చెప్పమన్నాము. వాళ్లు అడగకపోతే ఎట్లా చెప్పను అన్నది. అడగకపోయినా చెప్పమన్నాము. మాలో ఒకరు ఆమె తండ్రితో కలిసి వెళ్లి గది బయట బెంచీ మీద కూర్చుంటారు. ఒక నోటుపుస్తకం కొన్నాము. ఆమె బయటికి రాగానే, ఇంటికి బయలుదేరకముందే, అడిగిన ప్రశ్నలన్నీ అందులో రాసుకుంటాము.