గరాజ్‌లో పొయ్యి పెట్టిన మహానుభావులారా!

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడు మొదటి ఏడాదిలో చేసే పనులు మూడు. సత్యనారాయణ వ్రతం, పెరట్లో కరివేపాకు మొక్క, గరాజ్‌లో ఇనప పొయ్యి. మొదటి రెండిటితో నాకే పేచీ లేదు. ఈ గొడవంతా మూడోదాని గురించే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. పోత ఇనుముతో చేసిన పెద్ద బర్నరు, నాలుగు కాళ్ళు, ఒక గొట్టం, ఒక రెగ్యులేటరు. పెట్టె విప్పి పానా పుచ్చుకుంటే అరగంటలో నిలబడుతుంది. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండరు తగిలిస్తే యాభైమందికి బిర్యానీ వండొచ్చు. మన పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి చేసే పనిని ఇక్కడ ఇది చేస్తుంది. పొయ్యి బంగారం లాంటిది. మనం పెట్టే చోటే తప్పు. "ఆరుబయట మాత్రమే వాడవలెను" అని పెట్టె మీదా, మాన్యువల్లోనూ రాసి ఉంటుంది. డాక్యుమెంటేషన్ చదవకుండా ప్రొడక్షన్‌లో పెట్టావేంటని ఆఫీసులో జూనియర్ల మీద ఎగిరే మనమే, ఆ కాగితాన్ని మడిచి పొయ్యి కాలి కింద ఎత్తుకి పెడతాం!

ఈ మాట ఎక్కడ అన్నా నాకు వచ్చే జవాబులు మూడే. వరసగా చూద్దాం.

మొదటిది: "మన ఊళ్ళో సిలిండరు వంటింట్లోనే ఉంటుంది కదన్నా, ఎవరికేమైంది?"

అయ్యా, ఆ పొయ్యీ ఈ పొయ్యీ ఒకటి కాదు. మన ఇంటి 14.2 కిలోల ఎల్పీజీ సిలిండరు మీద ఉండే రెగ్యులేటరు గ్యాస్‌ని సుమారు 30 మిల్లీబార్ల దగ్గర వదులుతుంది. అంటే అర పీఎస్ఐ కూడా లేదు. ఈ ఇనప పొయ్యిలతో వచ్చే ఎర్ర రెగ్యులేటరు చాలావాటిల్లో 10 పీఎస్ఐ, కొన్నిట్లో 20 పీఎస్ఐ వరకూ తిరుగుతుంది. 10 దగ్గరే లెక్కేసినా మన వంటింటి ఒత్తిడికి ఇరవై రెట్లు పైమాటే. ఇంట్లో స్టవ్ మీద మామూలు బర్నరు పది పన్నెండు వేల బీటీయూలుంటే, ఇది యాభై వేలకి తక్కువుండదు. పైగా ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద నీళ్ళలా పాకుతుంది. అదే గరాజ్‌లో ఓ మూల వాటర్ హీటరూ, ఇంకో మూల ఫ్రిజ్జూ, మధ్యలో పెట్రోలు నిండిన కారూ ఉంటాయి.

రెండోది: "గరాజ్ తలుపు కొంచెం ఎత్తే పెడతాం కదా."

సరే, లెక్క చూద్దాం. గ్యాస్ సరిగ్గా మండాలంటే ప్రతి 100 బీటీయూలకి సుమారు ఒక ఘనపుటడుగు గాలి కావాలి. 60,000 బీటీయూల పొయ్యికి గంటకి 600 ఘనపుటడుగులు. రెండు కార్ల గరాజ్ 20 అడుగుల పొడవు, 20 వెడల్పు, 8 ఎత్తు అనుకుంటే మొత్తం 3,200. అంటే గంటకి దాదాపు ఐదో వంతు గాలిని పొయ్యి వాడేస్తుంది. గాలి చాలనప్పుడు మంట ఆరిపోదు, సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ కక్కుతుంది. మంట మీద పెద్ద గిన్నె అడుగు మొత్తం కప్పేసినా అంతే. జనవరిలో, బయట మంచు కురుస్తుంటే, ఆ తలుపు ఎంత ఎత్తుతారో నాకు తెలుసు. పిల్లి దూరేంత! పైగా చలికాలంలో వెచ్చటి ఇల్లు కింది నుంచి గాలి లాక్కుంటుంది. గరాజ్‌లో పుట్టింది లోపలి తలుపు సందుల్లోంచి నేరుగా పిల్లలు పడుకునే గదుల దాకా పోతుంది.

మూడోది: "అలారం ఉంది కదా, మోగుతుంది."

మోగుతుంది, కానీ ఎప్పుడు? ఇక్కడి ప్రమాణం ప్రకారం గాలిలో 70 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఉంటే ఆ అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగితే చాలు. 400 పీపీఎం దగ్గర కూడా 4 నుంచి 15 నిమిషాలు తీసుకోవచ్చు. పైగా అది ఉండేది పడగ్గదుల దగ్గర. పొయ్యి ముందు నిలబడి గారెలు వేస్తున్న మనిషి దగ్గర కాదు. నిప్పు ప్రమాదాలు కాకుండా ఒక్క ఈ వాయువు వల్లే అమెరికాలో ఏటా 400 మందికి పైగా పోతున్నారు. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం వస్తాయి, అవి వచ్చినా "నూనె పొగ పడలేదేమో" అనుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఇంట్లో చక్కటి స్టవ్ ఉండగా గరాజ్‌లో ఇంకోటి ఎందుకు? బిర్యానీ కోసం కాదండీ, అది ఏడాదికి నాలుగుసార్లు. రోజూ పెట్టే పోపు కోసం, వేయించే చేపల కోసం. కార్పెట్‌కి వాసన పడుతుందని, ఆఫీసుకి వేసుకెళ్ళే కోటుకి ఇంగువ అంటుకుంటుందని, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ధర రాదని. సరే, ఆ పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు? కోటు వేసుకునే మనం కాదు. ఆర్నెల్లకని వచ్చిన అమ్మో, అత్తయ్యగారో. స్వెట్టరూ, సాక్సులూ వేసుకుని, కారుకీ చెత్తడబ్బాకీ మధ్య నిలబడి మనకి అప్పాలు వేస్తుంటుంది. "నాకేం ఇబ్బంది లేదు నాయనా" అని ఆవిడ అంటుంది. అనక ఏం చేస్తుంది పాపం! ఘుమఘుమలాడే పోపుకి భయపడి, వాసన లేని విషానికి తలుపు తీస్తున్నాం. దీన్ని తెలివి అందామా?

వాసనే బాధైతే దానికి మందుంది. చాలా ఇళ్ళల్లో స్టవ్ మీది మైక్రోవేవ్‌కి ఉండే ఫ్యాను పొగని లాగి మళ్ళీ మన మొహానే ఊదుతుంది. దాని బదులు గోడలోంచి బయటికి గొట్టం ఉన్న హుడ్ పెట్టించుకోండి. టీవీకి పెట్టిన డబ్బులకంటే ఎక్కువేం కాదు.

ఇనప పొయ్యి కావాల్సిందేనా? తప్పకుండా పెట్టుకోండి, కానీ ఆకాశం కింద. సిమెంటు నేల మీద, గోడకి పది అడుగుల దూరంలో. చెక్క డెక్ మీద వద్దు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో అసలే వద్దు. కాళ్ళ బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, సమంగా నిలబడ్డాకే బిగించండి. బర్నరు లోపలికి పోయే మరకి గ్యాస్‌కి వాడే పసుపు టేపు చుట్టండి. గొట్టం చివరి ఫ్లేర్ బిగింపుకి ఏ టేపూ వద్దు, అక్కడ లోహానికి లోహమే సీలు. సిలిండరు తెరిచి, పొయ్యి వెలిగించకముందే ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్ళు పూయండి. బుడగ వస్తే కట్టేసి మళ్ళీ బిగించండి. వెలిగించాక మంట పసుపుగా ఉంటే గాలి షట్టర్ తిప్పి నీలంగా తెచ్చుకోండి. చలికాలం మూలన పడేసి తీసినప్పుడు గొట్టంలో సాలెగూడు ఉందేమో చూడండి, మంట వెనక్కి తన్నేది దానివల్లే. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పొయ్యకండి, పగుల్తుంది. ఇంతే. ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు, ఓ మధ్యాహ్నం పని.

చలి ఎక్కువగా ఉన్న రోజు ఆ వంట మానేసి పప్పుచారుతో సరిపెట్టుకుందాం. ఈ శనివారం సిలిండరు బయటికి తీసుకెళ్ళండి, అమ్మని లోపలికి తీసుకురండి. ఇంట్లో పోపు వాసనొస్తే వచ్చినవాళ్ళకి ఆకలేస్తుంది, అంతేగా!