ఒంటిపూట బడి హాస్టల్ పిల్లలకు ఏం ఒరగబెట్టింది?



ఎండాకాలం రాంగనే టీచర్ల సంఘాల ప్రకటన ఒకటి తప్పకుండా పేపర్లో వస్తది. ఎండలు ముదిరినయి, ఒంటిపూట బడులు పెట్టాలె అని. ఆ డిమాండు న్యాయమైనదే, మేం కాదనం. 2025లో మార్చి 15 నుంచి పొద్దున 8 నుంచి 12:30 దాకానే బడులు నడిచినయి. మన మెండోరలో ఇంటి నుంచి బడికి పోయే పిల్లకు అది మేలే. మధ్యాహ్న భోజనం తిని ఇంటికి పోతది, ఇంత నీడ పట్టున పంటది.

కాని ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో ఉండే మన పిల్ల 12:30కి బెల్లు కొడితే ఎటు పోవాలె? చాలా చోట్ల పొద్దున క్లాసు జరిగిన గదిలోనే రాత్రి పడక. పగలంతా కాగిన స్లాబు గాని, రేకులు గాని రాత్రి పది దాటినా వేడి కక్కుతనే ఉంటయి. కరెంటు పోతే ఫ్యాన్ కూడా ఉండదు. అంటే ఒంటిపూట బడి ఇంటికి పోయే పిల్లలకే అక్కరకొస్తది. టీచర్ల డ్యూటీ తగ్గింది, ఆ పిల్లకు ఎండ ఒక్క గంట కూడా తగ్గలేదు. ఈ సంగతి ఏ సంఘం మెమోరాండంలోనూ మాకు కనపడలేదు.

ఎండొక్కటే కాదు. శ్రీరాంసాగర్ 42 గేట్లు మన మండలంలోనే ఉన్నయి, వాన గురించి మనకు ఒకరు చెప్పనవసరం లేదు. అయినా 2023 జులైలో పక్కనున్న వేల్పూరులో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లు కురిస్తే పెద్దమనుషులు కూడా ఇసొంటిది చూడలేదన్నరు. 2025 ఆగస్టు చివర్ల కామారెడ్డి జిల్లా మునిగింది. రెండుసార్లూ బడులు బంద్. యూనిసెఫ్ లెక్కలో 2024 ఒక్క ఏడాదిలోనే 85 దేశాల్లో 24 కోట్లకు పైగా పిల్లల చదువు వాతావరణం వల్ల ఆగింది. అందులో మన దేశపు పిల్లలే సుమారు 5 కోట్లు, అదీ ఎక్కువగా వడగాడ్పుల వల్ల. ఎండైనా వానైనా మన దగ్గరున్న మందు ఒక్కటే, బడి మూసుడు. ఆర్మూర్ ప్రైవేటు స్కూలు పిల్లకు ఆన్‌లైన్ క్లాసు, ట్యూషన్ ఉంటయి. తండా పిల్లకు బడి మూస్తే పాఠంతో పాటు ఆ పూట అన్నం కూడా పోతది.

సంఘాలకు బలం లేదా అంటే, ఉంది. టీచర్లకు సొంతంగా ఎమ్మెల్సీ సీటు ఉంది. మన కరీంనగర్-మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్ సీటుకు 2025 ఫిబ్రవరి 27న ఓట్లు పడ్డయి. ఆ ప్రచారంలో పీఆర్సీ, డీఏ, సీపీఎస్, 317 జీవో, అన్నీ వినపడ్డయి. హాస్టల్ గది వేడి ఎవరి నోటా రాలేదు. ప్రపంచ టీచర్ల సంఘాల సమాఖ్య ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ 2021లోనే వాతావరణ విద్య కోసం 'టీచ్ ఫర్ ద ప్లానెట్' అని ప్రచారం మొదలుపెట్టింది. మన దేశంలోని ప్రైమరీ టీచర్స్ ఫెడరేషన్ కూడా ఆ సమాఖ్యలో ఉంది. మా మండలంలో మాత్రం ఏ సారు నోటా ఆ పేరు మేం వినలేదు.

సార్ల మీద పని మోపు మాకు తెలువక కాదు. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేకు ప్రైమరీ సార్లనే తిప్పిండ్రు, బడి మధ్యాహ్నం దాకానే నడిచింది. ఆశ్రమ పాఠశాలల సీఆర్టీలైతే ఏండ్ల తరబడి కాంట్రాక్టు మీదనే ఉన్నరు, జీతం కోసం వాళ్ళు సమ్మె చేసిన సంగతి అందరికీ ఎరుకే. పిల్లలతో పాటు ఆ వేడిలో ఉండేది కూడా వాళ్ళే. అందుకే ఇది టీచర్ల మీద పోట్లాట కాదు, వాళ్ళ సొంత పని జాగ సంగతి కూడా. పెద్ద సంఘాలు సీఆర్టీలను, వార్డెన్లను పక్కన కూచోబెట్టుకొని అడగాలె. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, సర్కారు బిల్డింగుల పైకప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత ఉండాలని. కొత్త బిల్డింగుల సంగతి సరే, ఎన్నడో కట్టిన మన హాస్టళ్ళ స్లాబు మీద పూత ఎవరు వేస్తరు? బడుల చిన్న రిపేర్లకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిండ్రు గదా, అట్లనే గిరిజన సంక్షేమ శాఖ హాస్టళ్ళకూ ఒక దారి చూపాలె. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బకు చనిపోతే 4 లక్షలు ఇస్తమన్నరు. చనిపోయినంక ఇచ్చే పైసల కన్నా ముందే ఒక డబ్బా సున్నం చవుక.

ఇంకొకటి మాకు గట్టిగ గుచ్చుకునేది, పాఠం చెప్పే తీరు. పర్యావరణం పాఠం రాంగనే 'పోడు కొట్టి అడవి నాశనం చేసిండ్రు' అనే మాట క్లాసులో పడ్తది. సిరికొండ, ఇందల్వాయి దిక్కు నుంచి వచ్చిన మన పిల్ల తల దించుకుంటది. పొగ గొట్టాలు ఎవరివి, కార్లు ఏసీలు ఎవరివి అని ఆ పూట ఎవరూ అడగరు. 2006 అటవీ హక్కుల చట్టం గురించి ఒక ముక్క చెప్పరు. మొక్క పట్టుకొని ఫొటో దిగితే పాఠం అయిపోయినట్టేనా? అదే సారు తీజ్ పండుగ గురించి అడిగితే ఆ పిల్లే లేచి చెప్తది. తొమ్మిది రోజులు బుట్టలో గోధుమ మొలకలు ఎట్ల పెంచుతరో, వానకు ఆ పండుగకు ఏం సంబంధమో. నాయనమ్మ కాలంలో తీజ్ నాటికి చెరువు ఎంత నిండేది, ఇప్పుడెంత? మార్చిలో కల్లంలో ఆరబోసిన పసుపు మీద అకాల వాన పడితే ఇంట్లో ఎన్ని క్వింటాళ్ళు రంగు మారినయి? మన బాల్కొండ దిక్కు పిల్లలకు ఇంతకంటే మంచి సైన్స్ పాఠం ఏముంటది. సంఘాలు ఏటా ట్రైనింగులు, విద్యా సదస్సులు పెడ్తయి గదా, అండ్ల ఒక పూట దీనికియ్యాలె.

మా ప్రతిపాదన చిన్నది. ఈసారి ఒంటిపూట ప్రకటన రాకముందే, ఫిబ్రవరిలో, మండలంలోని సంఘాలన్నిటికీ మనం ఒక దరఖాస్తు ఇద్దాం. ఒట్టి మాటలతో కాదు, లెక్కతో పోవాలె. హాస్టళ్ళలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నోళ్ళు గోడ థర్మామీటరు ఒకటి కొనియ్యండి. మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 10 గంటలకు గది వేడి ఎంతుందో నోట్‌బుక్కులో రాయమనండి, కరెంటు ఎన్ని గంటలు పోయిందో కూడా. పిల్లల పేర్లు, హాస్టల్ పేరు గ్రూపులో పెట్టకండి, వాళ్ళను ఎవరూ గదమాయించొద్దు. లెక్కలు అడ్మిన్లకు విడిగా పంపండి, అన్నీ కలిపి ఒకే కాగితం మీద రాసుకొని పోదాం.